నలభై ఏడో నంబరు సింహాసనం

మా ఆఫీసు గుమ్మం పక్కన ఒక నల్లబోర్డు ఉంది. దాని మీద రోజూ పొద్దున్నే ఒక ఇంగ్లీషు మాట, దాని కింద హిందీలో అర్థం, ఆ కింద హిందీలోనే దాన్ని వాడే పద్ధతి చూపే ఒక వాక్యం రాస్తారు. కేంద్ర ప్రభుత్వం వారి ఆఫీసు ఏదైనా సరే, గుమ్మంలో ఇలాంటి బోర్డు ఒకటి ఉంటుంది. తొమ్మిదేళ్ళలో దాన్ని చదివినవాడు మాత్రం మా ఆఫీసులో ఒక్కడూ లేడు. చదవనందువల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. చదవడం మొదలుపెట్టాకే జరిగింది.

మాది కేంద్రీయ అలల కొలత సంస్థ, కాకినాడ ప్రాంతీయ కార్యాలయం. సముద్రంలో అల ఎంత ఎత్తు లేచిందో కొలిచి ఢిల్లీకి రాసి పంపడం మా పని. అల పడిపోయిన నాలుగు నెలలకి ఆ కాగితం ఢిల్లీ చేరుతుంది. నేను అక్కడ సూపరింటెండెంటుని. మావాళ్ళు సూపర్నెంటు గారంటారు.

ఆ ఏడాది మే నెలలో ఢిల్లీ నుంచి ముగ్గురు సభ్యుల తనిఖీ సమితి వచ్చింది. కారు దిగగానే అధ్యక్షులవారు బోర్డుకి వీపు పెట్టి నిలబడి, మా డైరెక్టరు విశ్వపతి గారిని ఒక్కటే ప్రశ్న అడిగారు.

"ఈరోజు మీ బోర్డు మీద ఉన్న మాట ఏది?"

విశ్వపతి గారు తొమ్మిదేళ్ళుగా ఆ బోర్డు పక్క నుంచే లోపలికి వెళ్తున్నారు. ఒక్క క్షణం ఆలోచించి, "స్వాగతం అండి" అన్నారు.

బోర్డు మీద ఉన్న మాట విజిలెన్స్. హిందీలో సతర్కతా.

తరవాత నలభై ఒక్కమంది సిబ్బందినీ వరసగా నిలబెట్టి అడిగారు. నలభై ఒక్కమందిమీ తలలు వంచాం. ఇంతలో గేటుకి ఎదురుగా టీ బంకు నడిపే అతను గ్లాసులతో లోపలికొచ్చి, "సతర్కతా సార్, నిన్నటిది ఔదార్య్" అని చెప్పి టీ పెట్టి వెళ్ళిపోయాడు. అతను ఉద్యోగి కాదు గనక లెక్కలోకి తీసుకోలేదు.

సమితి వెళ్ళిన నెలకి దేశంలోని కేంద్ర కార్యాలయాలన్నిటికీ ఒకేసారి సర్క్యులర్ దిగింది. "ఉద్యోగులు తమకు అర్థము తెలియని మాటలతో నిర్ణయములు తీసుకొనుచున్నట్లు సమితి అత్యంత ఖేదముతో గమనించినది" అని మొదలైంది. ఇకపై ఏ ఇంగ్లీషు మాటగానీ, దాని హిందీ అర్థంగానీ బోర్డు మీదికి వచ్చేదాకా ఫైళ్ళలో రాయకూడదు. బోర్డు మీదికి రోజుకి ఒక్క మాటే రావాలి. ఆమోదించిన నిఘంటువులో ఉన్న క్రమంలోనే రావాలి. వచ్చిన మాటని కూడా, బోర్డు మీది వాక్యంలో ఏ సందర్భంలో వాడారో ఆ సందర్భంలోనే వాడాలి. ఉల్లంఘిస్తే క్రమశిక్షణ చర్య. పేర్లు, అంకెలు, తేదీలు, సంతకాలు మాటలు కావని మాత్రం దయతలిచారు.

మరి తెలుగులో రాసుకోవచ్చు కదా అని మీరడగొచ్చు. మేమూ ఫోను చేసి అడిగాం. సర్క్యులర్లో తెలుగు ప్రస్తావన లేదు గనక, ప్రస్తావన లేని భాషలో రాసిన కాగితం రాయని కాగితంతో సమానమని జవాబొచ్చింది.

ఆమోదించిన నిఘంటువులో నలభై ఎనిమిదివేల మాటలున్నాయి. ఏడాదికి రెండొందల నలభై పనిదినాలు. ఆఫీసు పూర్తిస్థాయిలో పనిచెయ్యడానికి రెండొందల ఏళ్ళు పడుతుంది.

"ఇందులో ఇబ్బందేముంది?" అన్నారు విశ్వపతి గారు. "ప్రభుత్వం శాశ్వతం కదా."

*

జులై మూడో తేదీ సోమవారం మొదటి మాట బోర్డు మీదికెక్కింది. ఆ మాట ఏ. ఒక్కటే అక్షరం. హిందీలో ఏక్. నలభై ఒక్కమందిమీ బోర్డు ముందు నిలబడి నోట్సు రాసుకుని, చదివామని సంతకాలు పెట్టాం.

అదే రోజు మధ్యాహ్నం పెమ్మాడి నూకరత్నం నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. మా సెక్షన్లో గుమస్తా. జగన్నాథపురం వంతెన అవతల ఉంటారు వాళ్ళు. చేతిలో ఒక కవరుంది.

"సూపర్నెంటు గారండీ, నాకు లైట్‌హౌసులో ఉద్యోగం వచ్చిందండి. నన్ను రిలీవ్ చేసెయ్యండి."

కాగితం చూశాను. రాష్ట్రానికి ఆ చివర, కొంగలదిబ్బ లైట్‌హౌసు. జులై ఇరవై సాయంత్రం ఐదింటిలోగా, పాత ఆఫీసు ఇచ్చిన ఉత్తర్వుతో హాజరు కావాలి. కాకపోతే ఉద్యోగం జాబితాలో తరవాతి పేరుకి పోతుంది.

"అక్కడ మనుషులుండరు కదమ్మా?"

"ఇక్కడున్నారాండి?" అంది. వెంటనే నాలిక్కరుచుకుని, "మీ గురించి కాదండి" అంది.

"ఈసారి కుదరకపోతే మళ్ళీ పరీక్ష రాద్దువుగాని."

"వయసు దాటిపోద్దండి. ఇదే ఆఖరండి." కవరు గుండెకి పెట్టుకుంది. "మా నాన్న వేట నించి తిరిగొచ్చేటప్పుడు ఇక్కడి లైట్‌హౌసు దీపం చూసే బోటు తిప్పేవాడండి. దీపం దగ్గర ఓ మనిషుంటాడే, ఆయన పడుకోడే అని చెప్పేవాడు. చిన్నప్పట్నించీ ఆ మనిషి నేనే అవ్వాలని ఉందండి. మూడేళ్ళు చదివేను."

మామూలు రోజుల్లో అయితే పది నిమిషాల పని. రిలీవ్ అనే మాట రాసి, కింద డైరెక్టరు గారి సంతకం పెట్టించడమే. ఇద్దరం కలిసి ఆ మాట ఎప్పుడొస్తుందో కనుక్కుందామని మా హిందీ అధికారి గదికి వెళ్ళాం.

ఆయన పేరు కందాళ పురుషోత్తమాచార్యులు. తెనాలి మనిషి. నిఘంటువు తెరిచి, వేళ్ళ మీద లెక్కేసి, కాగితం మీద సరిచూసి చెప్పారు.

"నూట యాభై సంవత్సరాల మూడు నెలలమ్మా. శుక్రవారం పడుతోంది. మంచి రోజే."

రత్నం బల్ల మీదికి వంగింది. "ఒక్క మాట ముందుకి జరపలేరాండి ఆచార్లు గారూ? ఒక్కటే."

ఆచార్యులు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇరవై రెండేళ్ళు అయిదు ఆఫీసుల్లో గోడలకి పాఠం చెప్పానమ్మా. ఇవాళ మొదటిసారి అంతమంది నా బోర్డు ముందు నిలబడి రాసుకున్నారు. క్రమం నేను తప్పితే రేపు వాళ్ళెవరూ నిలబడరు. నా చేతిలో సుద్దముక్క ఒక్కటే ఉంది. మాటా ఢిల్లీ వాళ్ళదే, వాక్యమూ వాళ్ళదే. అచ్చేసి పంపించారు."

ఇంక పదిహేడు రోజులే ఉన్నాయి.

*

మూడో రోజు మాట అబాండన్. పరిత్యాగ్ కర్నా. విశ్వపతి గారి ముఖం వెలిగిపోయింది. తనే వెతికి పట్టుకున్నట్టు ఆ మాటని నాలుగు ఫైళ్ళ మీద గబగబా రాసి సంతకాలు పెట్టారు. అరగంటలో ఆ నాలుగూ ఆచార్యులు గారి దగ్గర్నించి తిరిగొచ్చాయి.

"వాక్యం చూడండి సార్" అన్నారు ఆచార్యులు గారు వెనకే వచ్చి. "కప్తాన్ నే జహాజ్ కా పరిత్యాగ్ కియా. కెప్టెన్ ఓడని వదిలేశాడు. ఈ ఫైళ్ళు ఓడలు కావు."

"నేను కెప్టెన్నీ కాదంటారా?"

"అది మీరే తేల్చుకోవాలి సార్."

అప్పుడు మా స్టోరుకీపరు ముమ్మిడి సత్తిబాబు గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు. "అయ్యగారూ, పెరట్లో మన సర్వే బోటుందండి. అడుగు పోయిందనుకోండి. అయినా బోటు బోటేనండి."

మిగతాదంతా చకచకా జరిగిపోయింది. పెండింగులో ఉన్న మూడొందల పన్నెండు ఫైళ్ళూ పెరట్లోకి మోసి ఆ బోటులో పేర్చాం. డైరెక్టరు గారు బూట్లతో సహా బోటెక్కి, సముద్రం ఉన్న దిక్కుకేసి ఒకసారి చూసి, కిందికి దిగారు. ఓడని కెప్టెన్ వదిలేసినట్టయింది. లోపల ఉన్న సరుకు ఓడతో పాటే పోతుంది. నేను మూడొందల పన్నెండుసార్లు అబాండన్ అని రాసి తేదీ వేశాను.

ఒక్కరోజులో మూడొందల పన్నెండు ఫైళ్ళు పరిష్కరించిన కార్యాలయం దేశంలో మరొకటి లేదంటూ ఢిల్లీ నుంచి అభినందన వచ్చింది. ఆ అభినందనలో ఉన్నది కూడా మొదటి మూడు మాటలే. అయినా భావం అర్థమైంది.

సత్తిబాబు రత్నం దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నాడు. "ఓ పని చెయ్యవే రత్తం. నువ్వూ బోటెక్కి కూచో. నిన్నూ వదిలేస్తారు."

"వదిలేసిన మనిషినని రాస్తే అక్కడ తీసుకోరు బావా. పారిపోయొచ్చినదాన్ననుకుంటారు. బ్లాక్ మార్కు పడుద్ది." వాళ్ళిద్దరిదీ ఒకే పేట. వరసకి బావ. "రాజీగా పంపించినట్టు కాగితం కావాలి."

తరవాతి మాటలు ఆమెకి ఏమీ సాయం చెయ్యలేదు. ఒకరోజు తగ్గడం అనే మాటొచ్చింది. ఒకరోజు క్రైస్తవ మఠం వచ్చింది. మర్నాడు ఆ మఠానికి అధిపతి వచ్చాడు. రత్నం రోజూ పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, బోర్డు మీద సుద్ద కదులుతున్నంతసేపూ పెదవులు కదుపుతూ నిలబడేది. చదవడం అయ్యాక లోపలికొచ్చి తన కుర్చీలో కూర్చునేది.

తొమ్మిదో రోజు, పదమూడో తేదీ గురువారం, ఆమె లోపలికి నడిచి రాలేదు. పరిగెత్తుకొచ్చింది.

"సూపర్నెంటు గారండీ! నన్ను రాజుని చేసెయ్యండి!"

*

నేను బయటికెళ్ళి చూశాను. అబ్డికేట్. గద్దీ త్యాగ్నా. కింద వాక్యం: రాజా నే సింహాసన్ త్యాగ్ దియా ఔర్ దూస్రే దేశ్ చలా గయా. రాజు సింహాసనం వదిలి వేరే దేశం వెళ్ళిపోయాడు.

"గౌరవంగా దిగి, వేరే చోటికి వెళ్ళిపోడమేనండి" అంది రత్నం ఆయాసపడుతూ. "నాక్కావల్సిందదే కదండీ?"

"కానీ నువ్వు రాజువి కాదు కదమ్మా."

"డైరెక్టరు గారు కెప్టెనాండి?"

ఈ ప్రశ్నకి జవాబు మా సర్వీసు రూల్సులో ఎక్కడా లేదు. అప్పటికప్పుడు డైరెక్టరు గారి గదిలో సమావేశం పెట్టాం.

విశ్వపతి గారు ముందు ఒప్పుకోలేదు. "అబ్బే, ఎందుకొచ్చిన గొడవ? ఇరవై ఒకటో తేదీకి అబేయెన్స్, అంటే తేల్చకుండా ఆపి ఉంచడం, అనే మాట వస్తోందని ఆచార్యులు గారన్నారు. అప్పుడు నీ కాగితాన్ని హాయిగా అందులో పెట్టేద్దాం."

"నేను ఇరవైకే అక్కడుండాలండి."

"ఒక్క రోజే కదా తేడా?"

"ఆ ఒక్క రోజేనండి నా ఉద్యోగం."

ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలారు. "పోనీ ఎలా చేస్తారయ్యా? రాజుని చేస్తున్నట్టు ఉత్తర్వు రాయాలి. రాజు అనే మాటే మన దగ్గర లేదు."

ఇక్కడ ఆచార్యులు గారు గొంతు సవరించుకున్నారు. ఆ వారం రోజులుగా ఆయన రత్నం కళ్ళల్లోకి చూడలేక పక్క గుమ్మంలోంచి వెళ్తున్నారు. "సార్, సర్క్యులర్ ఫైళ్ళలో రాతకి సంబంధించినది. ఫలానా పని చెయ్యకూడదని అందులో ఎక్కడా లేదు. పట్టాభిషేకం నోటిమాటగా చేసేయొచ్చు. దిగిపోయినట్టు మాత్రమే కాగితం కావాలి. ఆ మాట మన దగ్గర ఉంది."

"మరి వాక్యంలో రాజా అన్నాడు. ఈవిడ..."

"రాజా అనేది పదవి సార్. పదవికి ఎవరైనా అర్హులే. ప్రకటనలో స్త్రీలు దరఖాస్తు చేయరాదని లేదు."

విశ్వపతి గారు ఢిల్లీకి ఫోను చేశారు. అవతలి అధికారి అంతా విని, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా మూడు సందేహాలు వెలిబుచ్చారు. సింహాసనం కార్యాలయ సామగ్రి పట్టికలో ఉన్నదా? రాజ్యకాలము పనివేళలలోనే ముగియునా? రాజుగారు హాజరుపట్టీలో సంతకము చేసినారా? మూడిటికీ అవునని జవాబిస్తే ఆ కార్యాలయానికి అభ్యంతరం లేదు.

రెండూ మూడూ తేలికే. మొదటిదే చిక్కు తెచ్చింది. సత్తిబాబు పట్టిక తిరగేశాడు.

"రత్తం కూచునే కుర్చీ నంబరు నలభై ఏడండి. కర్ర కుర్చీ, చేతుల్లేనిది అని ఉందండి. సింహాసనం అని ఎక్కడా లేదండి."

"చేతులు పెట్టించి సింహాసనం అనుకుంటేనో?" అన్నాను.

"చేతులు పెట్టిస్తే చేతులున్న కుర్చీ అవుద్దండి. దాని మీద సూపర్నెంటు ర్యాంకు వోళ్ళే కూచోవాలండి. రత్తం కూచోడానికి లేదు."

"రాజు ర్యాంకు నాకంటే ఎక్కువ కదయ్యా?"

"కూచున్నాక కదండీ రాజయ్యేది? కూచునేటప్పటికి గుమస్తాయే కదండి."

దీని మీద రెండ్రోజులు పోయాయి. శనివారం, ఆదివారం మరో రెండు. సోమవారం సత్తిబాబే దారి కనిపెట్టాడు. కుర్చీకి చేతులు పెట్టడానికి బదులు, ఆమె కూర్చున్నాక చేతులు బిగిస్తారు. కూర్చునేటప్పటికి గుమస్తా, బిగించాక రాజు. వడ్రంగిని మంగళవారం మాట్లాడాడు. సింహాల బొమ్మలు చెక్కనా అని వడ్రంగి అడిగితే, పట్టికలో జంతువులకి కాలమ్ లేదు, వద్దన్నాడు.

బుధవారం మధ్యాహ్నం రెండున్నరకి రైలు. అది తప్పితే గురువారం సాయంత్రానికి కొంగలదిబ్బ చేరే రైలు మరొకటి లేదు.

*

బుధవారం, జులై పందొమ్మిది. ఆనాటి మాట అబెరేషన్. విపథన్. దారి తప్పడం. అందరం చదివి సంతకాలు పెట్టి లోపలికెళ్ళాం.

పదకొండింటికి రత్నం నలభై ఏడో నంబరు కుర్చీలో కూర్చుంది. ఎర్ర అంచు చీర, కాళ్ళ దగ్గర సర్దుకున్న సంచీ. వడ్రంగి రెండు వైపులా చేతులు పెట్టి స్క్రూలు బిగించాడు. నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్టు నుంచి సత్తిబాబు కిరీటం తెచ్చాడు. రాత్రి ఎవరో ధర్మరాజు వేషానికి పెట్టుకున్నారట, ఇంకా చెమట వాసనేస్తోంది. ఆచార్యులు గారు నోటికొచ్చిన మంత్రం ఏదో చదివి దాన్ని ఆమె తల మీద పెట్టారు. కొంచెం పెద్దదైంది. కళ్ళ మీదికి దిగింది. పైకి తోసుకుంది.

"రాజుగారికి జయం" అన్నారు విశ్వపతి గారు, తన గది తలుపుకేసి చూస్తూ.

ఇక దిగిపోవడమే మిగిలింది. కాగితం నేను సిద్ధంగా పెట్టుకున్నాను. పెమ్మాడి నూకరత్నం, 47, అబ్డికేట్, తేదీ. కింద సంతకం ఎవరు పెట్టాలన్న దగ్గర ఆగాం. రాజు దిగిపోయే కాగితం మీద డైరెక్టరు సంతకం పెడితే, రాజుకి పై అధికారి అవుతారు. విశ్వపతి గారు పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

"రాజే పెట్టాలి" అన్నారు ఆచార్యులు గారు.

రత్నం కాగితం కోసం చెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడే టైపిస్టు కామేశ్వరి ముందుకొచ్చింది. ఆవిడ ఇరవై ఏళ్ళుగా మా ఆఫీసులో ఉంది, గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

"రత్నం... రాజుగారూ. దిగేముందు ఒక్క మాటండి. ఆడవాళ్ళ బాత్రూముకి నాలుగేళ్ళ నించి తాళం వేసుంది. ఫైలు బోటులో పోయింది."

రత్నం డైరెక్టరు గారి వైపు చూసింది. "తాళంచెవి ఎవరి దగ్గరుందండి?"

"నా బీరువాలో ఉందనుకుంటాను" అన్నారాయన.

"తీసుకొచ్చి ఇచ్చేయండి."

ఆయన వెళ్ళి తెచ్చి ఇచ్చారు. అది ఆయన కూడా ఊహించలేదనుకుంటాను. ఇచ్చాక తన చేతికేసి ఒకసారి చూసుకున్నారు.

ఫైలు లేదు. నోటు లేదు. మాట అవసరం రాలేదు. రాజు చెప్పాడు, జరిగింది.

ఆ వెంటనే వరస కట్టేశారు. తిరగని ఫ్యానుకి రత్నం ఎలక్ట్రీషియన్ని పిలిపించమంది. పిలిపించారు. బావి మోటారు బాగుచేయించమంది. మనిషి బయల్దేరాడు. కుక్క కరిచినందుకు సెలవు అడిగి, కుక్క వివరాలు ఇవ్వలేక ఆరునెలలుగా తిరుగుతున్న డ్రైవరుకి సెలవిచ్చేసింది. కొలతల సెక్షను వాళ్ళు, సముద్రం కనపడకుండా కిటికీకి అడ్డంగా ఉన్న బీరువా జరిపించమని అడిగారు. జరిపించింది. పదకొండేళ్ళలో మొదటిసారి మా హాల్లోకి గాలొచ్చింది.

నలభై నిమిషాల్లో ఆఫీసు ఆఫీసులా తయారైంది. గడియారం పన్నెండు దాటింది.

"ఇంక దిగుతానండి" అంది రత్నం.

ఎవరూ కదల్లేదు.

"అప్పుడేనా?" అంది కామేశ్వరి.

"ఇంకా నా ప్రమోషను చెప్పలేదండి" అన్నాడు వెనక వరసలోంచి ఒకాయన.

"రాజు దిగిపోడం ప్రజలకిష్టం లేదు" అని ఇంకెవరో అరిచారు. ఆ మాటకి చప్పట్లు. కాపలావాడు రాజుగారి ప్రభుత్వం మీద భక్తితో గేటు మూసేసి తాళం వేసుకున్నాడు. విశ్వపతి గారు గోడకి ఆనుకుని, "వద్దన్నానా? నేను ముందే వద్దన్నానా?" అంటూ రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు.

నా చేతిలో కాగితం అలాగే ఉంది. రైల్వేస్టేషను అక్కడికి అరగంట. పన్నెండున్నరైంది. ఒంటిగంటైంది. వరస తరగడం లేదు, పెరుగుతోంది. పక్క ఆఫీసు నుంచి కూడా ఇద్దరొచ్చి గేటు బయట నిలబడ్డారు.

సత్తిబాబు మెల్లిగా కుర్చీ వెనక్కి చేరాడు. "ఉండిపోకూడదటే రత్తం? ఇంత పెద్ద పదవి మన పేటలో ఎవరికొచ్చింది?"

రత్నం కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుంది. ముఖమంతా చెమట.

"వీళ్ళకి కావల్సింది రాజు కాదు బావా. చేసేయ్ అని చెప్పే మనిషి. ఆ పాటి మాట ఎవరైనా చెప్పొచ్చు." గొంతు పెంచి అందరికీ వినపడేలా అంది. "మీరందరూ నా మాట వింటారా?"

"వింటాం!"

"ఎదురు చెప్పకుండా?"

"చెప్పం!"

"అయితే గేటు తియ్యండి. దారివ్వండి. ఇదే నా ఆఖరి ఆజ్ఞ."

నలభైమందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆజ్ఞ ఆజ్ఞే. కాపలావాడు తాళం తీశాడు. ఆమె నా చేతిలోంచి కాగితం లాక్కుని, నలభై ఏడో నంబరు కుర్చీ చేతి మీదే పెట్టి సంతకం చేసి లేచింది. సంచీ భుజాన వేసుకుని జనం మధ్యలోంచి నడిచింది.

గుమ్మం దగ్గర ఆచార్యులు గారు బోర్డు పక్కన నిలబడి ఉన్నారు. ఆమెని చూసి చేతులు జోడించారు. "ఔర్ దూస్రే దేశ్ చలా గయా" అన్నారు. "వాక్యం పూర్తయిందమ్మా. ఆటో పిలిచి ఉంచాను."

ఆ సాయంత్రమే విశ్వపతి గారు నలభై ఏడో నంబరు కుర్చీని స్ట్రాంగ్‌రూములో పెట్టించి, రెండు తాళాలు వేయించారు. శుక్రవారం అబేయెన్స్ వచ్చింది. ఆఫీసు మళ్ళీ ఎప్పటిలా నడవడం మొదలుపెట్టింది.

*

దానికి ముందురోజు, గురువారం సాయంత్రం ఏడింటికి ఇంటికి ఫోనొచ్చింది.

"నేనండి, రత్నాన్ని. చేరిపోయేనండి. నాలుగూ నలభైకి పడవ దిగేను."

"కాగితం తీసుకున్నారా అమ్మా? ఏమన్నారు?" పొద్దున్నించీ నాకు అదే దిగులు. రాజు దిగిపోయిన కాగితం తీసుకెళ్ళి ఇస్తే ఏ ఆఫీసు నమ్ముతుంది?

"ఇక్కడ పెద్దాయన ఒకాయనున్నాడండి, దీపం ఆయనదే. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివేడు. మడిచి జేబులో పెట్టుకుని, 'ఈ నెల్లో నువ్వు మూడో రాజువమ్మా' అన్నాడు."

"మూడో రాజా?"

"అవునండి. వేరే ఆఫీసు నించి ఓ రాజు ఇలాంటి కాగితంతోనే వచ్చేడంట, మెట్లెక్కలేక తిరిగెళ్ళిపోయేడంట. ఇంకో రాజు ఇక్కడే ఉన్నాడు, పప్పుచారు బాగా పెడతాడు. నువ్వెంతసేపు ఏలేవని అడిగేడండి నన్ను. రెండు గంటలన్నాను. 'అమ్మో, చానాసేపు ఏలేవే, మావాడు పది నిమిషాల్లో దిగిపోయేడు' అన్నాడు."

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. తొమ్మిదేళ్ళలో ఆమె నవ్వడం వినడం అదే మొదలు.

"తరవాత?"

"తరవాతేముందండి. 'మెట్లు రెండొందల పది, రాజులకైనా లిఫ్టు లేదు, ఎక్కు' అన్నాడు. ఎక్కేనండి."

"దీపం?"

"వెలిగించేనండి," అంది. "ఇంక పెట్టేస్తానండి సూపర్నెంటు గారూ. బోట్లు తిరిగొచ్చే వేళయింది."